మునగని ఓడల చిట్టాలు: రెండు వందల ఏళ్ల కిందటి సముద్రపు గాలిని ఎట్లా లెక్కగడతారు?

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను తీరం దాటింది ఆంధ్రలో. ఇళ్లలోకి నీళ్లొచ్చింది మాత్రం హనుమకొండ, వరంగల్ కాలనీల్లో కూడా. అంతకు రెండేళ్ల ముందు, 2023 జులైలో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి వైపు మోరంచపల్లి మునిగిపోయింది. రెండు సార్లూ మా వీధి చాయ్ హోటల్‌లో ఒకటే ప్రశ్న: "ఇట్లాంటి వాన మునుపెన్నడన్న పడ్డదా?" ఒకాయన చరిత్రలోనే లేదంటాడు. ఇంకొకాయన ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే అంటాడు.

ఇద్దరూ చెప్పే ఆ చరిత్ర ఎంత పొడవున్నదో చూద్దాం. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంతకు ముందువి కావాలంటే మద్రాసు అబ్జర్వేటరీలో 1796 నుంచి రాసి పెట్టినవి ఉన్నాయి, కానీ అవి ఒక్క ఊరి లెక్కలు. మన వానకు ముడిసరుకు తయారయ్యేది అరేబియా సముద్రంలో, బంగాళాఖాతంలో. వరంగల్ నుంచి మచిలీపట్నానికి సూటిగా గీత గీస్తే 250 కిలోమీటర్ల పైచిలుకు. ఆ నీళ్ల మీద రెండు, మూడు వందల ఏళ్ల కింద గాలి ఎటు వీచిందో రాసి పెట్టినవాళ్లు ఒక్కరే ఉన్నారు. తెరచాప ఓడల వాళ్లు. వాళ్ల లాగ్‌బుక్కులను ఇప్పుడు వాతావరణ శాస్త్రవేత్తలు పుట పుటా తిరగేస్తున్నారు. ఆ పనిలో ఏం తేలుతుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది ఈ వ్యాసం.

లాగ్‌బుక్ అంటే ఓడ చిట్టా

మా పెద్దబాపు వరంగల్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేసేవారు. ఆయన రోజువారీ పుస్తకంలో బస్తాలు, ధరలు, హమాలీ, తక్‌పట్టీల లెక్కలు ఉండేవి. అక్కడక్కడ మూలన చిన్నగా "వాన. కాంటా కాలేదు" అని ఉండేది. ఆయన వాన చరిత్ర రాయాలనుకోలేదు. ఆ రోజు సరుకు ఎందుకు తూగలేదో సేటుకు జవాబు చెప్పాలి, అందుకు రాశారు.

ఓడ లాగ్‌బుక్ కూడా సరిగ్గా అట్లాంటిదే. ఓడ ఆలస్యమైతే, తెరచాప చిరిగితే, సరుకు తడిస్తే కంపెనీకి కెప్టెన్ జవాబు చెప్పుకోవాలి. అంతకంటే ముఖ్యం, నడి సముద్రంలో ఓడ ఎక్కడుందో తెలియాలి. ఉపగ్రహాలు లేని రోజుల్లో దానికి ముఖ్యమైన దారి ఇది: ఎటు పోతున్నాం, ఎంత వేగంతో పోతున్నాం, గాలి ఎటు తోస్తోంది అని గంట గంటకూ రాసుకొని, నిన్నటి చోటు నుంచి ఇవాళ్టి చోటును లెక్కగట్టడం. గాలి తప్పు రాస్తే ఓడ రాళ్ల మీదికి పోతుంది. ప్రాణభయంతో రాసిన రాత కాబట్టే దానికి ఇప్పుడు ఇంత విలువ.

వేగం కొలిచే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ఒక చెక్క ముక్కకు తాడు కట్టి నీళ్లలో పడేసేవారు. చెక్క ఉన్నచోటే తేలుతుంటుంది, ఓడ ముందుకు పోతుంటుంది, తాడు జారుతుంటుంది. తాడుకు సమ దూరాల్లో ముడులు. 28 లేదా 30 సెకన్ల ఇసుక గడియారం అయిపోయేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారితే అంత వేగం. ఇంగ్లిషులో నాట్ అంటే ముడే. ఇవాళ వాతావరణ శాఖ బులెటిన్లలో గాలి వేగం నాట్లలో రావడానికి మూలం ఆ తాడు. లాగ్ అంటే ఆ చెక్క ముక్క. లాగిన్, లాగౌట్ అని రోజూ అనే మాటలు కూడా ఆ చెక్క ముక్క పుణ్యమే.

ఇట్లాంటి పుస్తకాలు పోగేసి వాడుకోవచ్చని పెద్ద ఎత్తున చేసి చూపించినవాడు మాథ్యూ ఫాంటేన్ మౌరీ అనే అమెరికా నౌకాదళ అధికారి. 1839లో బండి బోల్తా పడి కాలు విరిగింది, ఓడ ఎక్కే యోగం పోయింది. 1842లో ఆయనకు పటాలు, పరికరాలు భద్రపరిచే ఆఫీసు అప్పగించారు. అక్కడ మూలన పడున్న పాత లాగ్‌బుక్కులు కనిపించాయి. వాటిలోంచి గాలుల, ప్రవాహాల పటాలు గీసి 1847 నుంచి అచ్చు వేయించాడు. పటం కావాలన్న కెప్టెన్‌కు ఉచితంగా ఇచ్చాడు, బదులుగా అతని లాగ్ అడిగాడు. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాలు కూర్చొని, ఓడల మీద వాతావరణం ఒకే తీరున రాద్దామని ఒప్పుకున్నాయి. చిక్కంతా ఆ ఒప్పందానికి ముందు రాసిన పుటలతోనే.

ఒక్క పంక్తిని విప్పి చూద్దాం

ఉదాహరణ కోసం ఒక పంక్తి ఊహించుకుందాం. ఇంగ్లండ్ నుంచి బొంబాయికి వస్తున్న ఒక ఓడ 1797లో ఇట్లా రాసిందనుకోండి: "జూన్ 15, సాయంత్రం 4. అక్షాంశం 13 డిగ్రీలు ఉత్తరం. రేఖాంశం లిజర్డ్ నుంచి 65 డిగ్రీలు తూర్పు. గాలి నైరుతి. ఫ్రెష్ గేల్. టాప్‌సెయిల్స్ మూడు మడతలు కట్టాం."

చూడటానికి అంతా తేటగానే ఉంది. ఒక్కొక్కటీ తీసుకుందాం.

మొదట తేదీ. అప్పటి ఓడల్లో రోజు అర్ధరాత్రి మొదలయ్యేది కాదు. నడినెత్తిన సూర్యుణ్ణి చూసి అక్షాంశం తీసేవారు కాబట్టి మధ్యాహ్నం 12కే రోజు మారేది. అదీ నేల మీది తేదీ కంటే 12 గంటలు ముందుగా. అంటే ఓడలో జూన్ 15 మొదలయ్యేది మనకు జూన్ 14 మధ్యాహ్నాన. కాబట్టి ఓడ రాసిన "జూన్ 15 సాయంత్రం 4" మన క్యాలెండర్‌లో జూన్ 14 సాయంత్రం 4. బ్రిటిష్ నౌకాదళం ఈ పద్ధతిని 1805లో మానేసింది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆ తర్వాత కూడా కొన్నేళ్లు అట్లాగే రాశాయి.

తర్వాత రేఖాంశం. గ్రీనిచ్ సున్నా అని దేశాలు ఒప్పుకున్నది 1884లో. అంతకు ముందు ఎవరి సున్నా వాళ్లది. ఫ్రెంచివాళ్లకు పారిస్, కొందరికి టెనెరిఫ్ దీవి, కొందరు ఇంగ్లిషు వాళ్లకు తమ నేలలో ఆఖరున చూసిన లిజర్డ్ కొన. ఆ కొన గ్రీనిచ్‌కు పడమర 5 డిగ్రీల 12 నిమిషాల దూరంలో ఉంది. 65 లోంచి అది తీసేస్తే 59 డిగ్రీల 48 నిమిషాలు తూర్పు. ఆ అక్షాంశం దగ్గర ఈ తేడా దాదాపు 560 కిలోమీటర్లు. వరంగల్ నుంచి చెన్నైకి సూటిగా గీత గీస్తే ఎంతో దాదాపు అంత. ఈ సవరణ మరిస్తే ఓడ ఉన్న చోటు అంత దూరం జరిగిపోతుంది.

గాలి దిక్కు మిగతావాటి కంటే నమ్మదగ్గది, ఎందుకంటే దిక్సూచి ప్రతి ఓడలోనూ ఉండేది. అయితే సూది చూపేది అయస్కాంత ఉత్తరాన్ని. ఆ ఏడాది ఆ చోట సూది అసలు ఉత్తరానికి 10 డిగ్రీలు పడమరకు వాలి ఉందనుకుంటే, దిక్సూచి మీద 225 డిగ్రీలున్న నైరుతి గాలి నిజానికి 215 డిగ్రీలు. ఈ వాలు చోటును బట్టి, ఏటేటా మారుతుంది. దాన్ని మళ్లీ వేరే లెక్కల్లోంచి తేవాలి.

ఇక "ఫ్రెష్ గేల్". గాలి వేగం కొలిచే పరికరం ఓడ మీద లేదు, ఉన్నది మాట ఒక్కటే. ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే నౌకాధికారి 1806 ప్రాంతంలో ఈ మాటలను వరుసగా పేర్చి అంకెలిచ్చాడు. 1838లో బ్రిటిష్ నౌకాదళం దాన్ని అధికారికంగా తీసుకుంది. ఆయన ఊహలో ఉన్నది గాలి కాదు, తెరచాప. 12 అంటే ఏ గుడ్డా తట్టుకోలేని గాలి. మన పంక్తిలో "టాప్‌సెయిల్స్ మూడు మడతలు" అన్న మాట, అంటే గాలికి తట్టుకునేలా పై తెరచాపలను మడిచి చిన్నవి చేయడం, బోఫోర్ట్ వరుసలో 8 దగ్గర ఉంటుంది, ఫ్రెష్ గేల్ కూడా అక్కడే. ఇప్పటి లెక్కలో 34 నుంచి 40 నాట్లు, అంటే గంటకు 62 నుంచి 74 కిలోమీటర్లు. మాట, తెరచాప ఒకటే చెప్తున్నాయి కాబట్టి ఈ పంక్తి గట్టిది. మాట ఒక్కటే ఉంటే అంత గట్టిగా అనలేం, ఎందుకంటే పాతకాలపు ఇంగ్లిషులో గేల్ అన్నది హాయైన గాలికి కూడా వాడేవారు. మన దగ్గర "జోరు వాన" అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క వాన గుర్తొచ్చినట్టు.

ఇంగ్లిషు ఒక్కటే అయితే ఇంతటితో అయ్యేది. డచ్చి, స్పానిష్, ఫ్రెంచి ఓడలకు వాటి వాటి మాటలున్నాయి. 2000 నుంచి 2003 వరకు యూరప్‌లో నడిచిన క్లివాక్ అనే ప్రాజెక్టు చేసిన పెద్ద పనుల్లో ఒకటి నిఘంటువు. నాలుగు భాషల నావికుల గాలి మాటలను బోఫోర్ట్ అంకెలకు జోడించారు. దానితో 1750 నుంచి 1850 వరకు దాదాపు 2 లక్షల 80 వేల పంక్తులను ఒక చోట చేర్చారు.

రెండు ఓడల మధ్య నుంచి పోయిన తుపాను

పాత లాగ్‌లతో తుపాను దారి గీయడం మన తీరంలోనే జరిగింది. 1839 నవంబరులో కాకినాడ పక్కన కోరింగను ఒక తుపాను, ఉప్పెన తుడిచిపెట్టాయి. కోల్‌కతాలో హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ ఉండేవాడు. బంగాళాఖాతం తుపానుల్లో చిక్కి బయటపడ్డ ఓడల లాగ్‌లు అడిగి తెప్పించుకొని, ఒక్కొక్క తుపానుకూ పటం గీశాడు. కోరింగ తుపాను కూడా అందులో ఒకటి. సైక్లోన్ అన్న మాట 1848లో ఆయన పెట్టిందే. చుట్ట చుట్టుకున్న పాము మనసులో ఉంచుకొని గ్రీకు భాష నుంచి తీసుకున్నాడు.

ఆయన కిటుకు ఇది. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను తూర్పు నుంచి పడమరకు వస్తోందనుకోండి. దాని దారికి ఉత్తరాన ఉన్న ఓడకు గాలి మొదట ఈశాన్యం నుంచి, తర్వాత తూర్పు నుంచి, ఆఖరున ఆగ్నేయం నుంచి వీస్తుంది. దారికి దక్షిణాన ఉన్న ఓడకు ఉత్తరం, వాయవ్యం, పడమర, నైరుతి అన్న వరుసలో తిరుగుతుంది. సరిగ్గా దారిలోనే ఉన్న ఓడకు ఉత్తరపు గాలి ఉధృతంగా వీచి, ఉన్నట్టుండి ఆగి, కాసేపు నిశ్శబ్దం, తర్వాత దక్షిణం నుంచి విరుచుకుపడుతుంది. కాబట్టి ఒక లాగ్‌లో ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం అని, ఇంకొక దాంట్లో ఉత్తరం, పడమర, నైరుతి అని ఉంటే, తుపాను ఆ రెండింటి మధ్య నుంచి పోయినట్టే. ఉపగ్రహం లేదు, రేడార్ లేదు. ఇద్దరు కెప్టెన్ల రాత చాలు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పిడింగ్టన్‌కు లాగ్ పంపింది బతికిన ఓడ. మునిగిన ఓడ చిట్టా ఇవ్వదు. అంటే అన్నిటికంటే భీకరమైన చోట ఏం జరిగిందో రాసిన పుటలే మన చేతికి రావు. పాత తుపానుల బలాన్ని తక్కువగా అంచనా వేసే ప్రమాదం అందుకే ఎప్పుడూ ఉంటుంది. దీనికి తలకిందులు సమస్య నేల మీది కబుర్లతో. కోరింగలో 20 వేల ఓడలు మునిగాయని ఇంటర్నెట్‌లో తిప్పి తిప్పి రాస్తుంటారు. చిన్న పడవలన్నీ కలిపినా ఆ అంకె నాకు నమ్మబుద్ధి కాదు.

బకెట్‌లో నీళ్లు, కొట్టేసిన దశాంశం

గాలి తర్వాత వేడి. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో కొన్ని 18వ శతాబ్దం చివరి నుంచి థర్మామీటర్, బారోమీటర్ పట్టుకెళ్లాయి. 1789 నుంచి 1834 వరకు ఇంగ్లండ్ నుంచి భారత్, చైనా వైపు వచ్చిపోయిన 891 ప్రయాణాల లాగ్‌లను లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ నుంచి తీసి, 2 లక్షల 73 వేల వాతావరణ నమోదులను కంప్యూటర్‌కు ఎక్కించారు. 1834తో ఆగడానికి కారణం వాతావరణం కాదు, రాజకీయం. చైనా వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, ఓడలు ఆగాయి, రాతలూ ఆగాయి. ఆ మధ్యలో 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో టంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ పేలుడు తర్వాత సముద్రం మీది గాలి ఎంత చల్లబడిందో ఈ లాగ్‌లలో చూస్తే సుమారు అర డిగ్రీ అని తేలింది.

సముద్రపు నీటి వేడి సంగతి ఇంకా తమాషా. బకెట్‌ను తాడుతో వదిలి నీళ్లు తోడి అందులో థర్మామీటర్ పెట్టేవారు. మొదట చెక్క బకెట్లు, తర్వాత కాన్వాస్ గుడ్డవి. మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తడి గుడ్డ బకెట్ గాలి తగిలే డెక్ మీద రెండు నిమిషాలు నిలబడినా అదే జరుగుతుంది, కాబట్టి అంకె అసలు కంటే తక్కువ వస్తుంది. తర్వాతి ఓడల్లో ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు లోపలికి వచ్చే గొట్టం దగ్గర కొలిచేవారు. అక్కడ ఇంజిన్ వేడికి అంకె కాస్త ఎక్కువ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఓడల గొట్టపు లెక్కలు ఎక్కువ. యుద్ధం అయిపోగానే బ్రిటిష్ ఓడల బకెట్లు తిరిగొచ్చాయి. 1945 చివర్లో భూమి సగటు ఉష్ణోగ్రత ఉన్నట్టుండి దాదాపు 0.3 డిగ్రీలు పడిపోయినట్టు గ్రాఫుల్లో కనిపించేది. సముద్రం చల్లబడలేదు. బకెట్ మారింది. ఈ సంగతి 2008లో గానీ తేల్చలేదు.

ఇంకొక కథ గుమాస్తాలకు బాగా అర్థమవుతుంది. జపాన్ ఓడలు రాసిన వేల వేల లెక్కలను అమెరికా వాళ్లు కంప్యూటర్ కార్డుల మీదికి ఎక్కించేటప్పుడు, 1930ల తర్వాతి కొన్నిటికి దశాంశం తర్వాతి అంకెను కొట్టేశారు. 17.8 కాస్తా 17 అయింది, 17.2 కూడా 17 అయింది. దగ్గరి అంకెకు సవరించినా బాగుండేది, ఒకటి పైకి పోతే ఒకటి కిందికి వచ్చేది. కొట్టేస్తే మాత్రం ప్రతి సారీ కిందికే. 0 నుంచి 9 వరకు పదోవంతులు సమానంగా వస్తాయనుకుంటే సగటున 0.45 డిగ్రీల నష్టం. ఉత్తర పసిఫిక్ అప్పట్లో నిజంగా ఉన్నదానికంటే చల్లగా కనిపించడానికి ఇదొక కారణమని 2019లో బయటపడింది. నావికుడు సరిగ్గానే రాశాడు. తప్పు జరిగింది నకలు తీసేచోట.

సవరణలంటే అనుమానం ఉన్నవాళ్లు, లేనివాళ్లు

ఇదంతా విన్నాక ఒక వర్గం అడిగేది సూటి ప్రశ్న: ఇన్ని సవరణలు చేసిన లెక్కను నమ్మేదెట్లా? తమకు కావాల్సినట్టు దిద్దుకోరని ఏముంది? అనుమానం న్యాయమైనదే. నిఘంటువు ఎవరు రాస్తే వాళ్ల అభిప్రాయం కొంత అందులోకి వస్తుంది, బకెట్ ఎంతసేపు డెక్ మీద ఉందో అన్నది అంచనానే. అందుకే వేర్వేరు బృందాలు వేర్వేరు పద్ధతుల్లో సవరించి, తేడాలు ఎంతున్నాయో పక్కనే ప్రచురిస్తాయి.

ఆ అనుమానంలో ఒక భాగం మాత్రం నిలబడదు. సముద్రపు సవరణల్లో పెద్దది, బకెట్ సవరణ, పాత అంకెలను పైకి జరుపుతుంది. గతం వెచ్చగా ఉందంటే, అప్పటి నుంచి ఇప్పటి దాకా పెరిగిన వేడి తక్కువైనట్టు. భూమి వేడెక్కడాన్ని పెద్దది చేసి చూపాలనుకునేవాడు ఈ సవరణ చేయడు.

సవరణతో పోని లోపాలు వేరే ఉన్నాయి. ఓడలు వ్యాపార దారుల్లోనే తిరుగుతాయి. గుడ్ హోప్ అగ్రం చుట్టూ లక్షల పంక్తులు, దక్షిణ పసిఫిక్ మధ్యలో దాదాపు ఖాళీ. యుద్ధాల్లో ఓడలు తగ్గుతాయి, పుటలూ తగ్గుతాయి. బంగాళాఖాతం తుపానుల సంఖ్య మీద నడిచే వాదం ఇక్కడిదే. ఉపగ్రహాలు రాకముందు నడి సముద్రంలో పుట్టి అక్కడే చచ్చిన తుపానును ఏ ఓడా చూడకపోతే అది లెక్కలోకే రాదు, కాబట్టి పాత కొత్త సంఖ్యలను పోల్చకూడదని కొందరంటారు. తీరాన్ని తాకిన పెద్ద తుపాను ఎవరి కంటా పడకుండా పోదు, కనీసం వాటినైనా పోల్చవచ్చని ఇంకొందరు. నాకు రెండోది సబబుగా అనిపిస్తుంది, కానీ అది తీరం దాటిన వాటి వరకే.

పుటలు ఇంకా బోలెడున్నాయి. 2010లో ఓల్డ్ వెదర్ అనే ప్రాజెక్టు మొదటి ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ నౌకాదళ లాగ్‌ల ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరైనా చూసి టైపు చేయండని పిలిచింది. రెండేళ్లలో వేల మంది కలిసి 16 లక్షల నమోదులు ఎక్కించారు. ఎక్కించిన ఓడల లెక్కలన్నీ చేరే పెద్ద భాండాగారం ఐకోడ్స్. దానిలో అన్నిటికంటే పాత పంక్తి 1662 నాటిది.

గాలి తెలిస్తే వాన తెలిసినట్టేనా?

కాదు. మన వైపు పాఠకులు బాగా పట్టించుకోవాల్సిన ముచ్చట ఇది. అరేబియా సముద్రం మీద నైరుతి గాలి ఏ తేదీన స్థిరపడిందో, ఎంత గట్టిగా వీచిందో లాగ్‌ల నుంచి తీయొచ్చు. అది ఋతుపవనాలు వచ్చిన తేదీకి మంచి గుర్తు. మిరుగం (మృగశిర కార్తె) నాటికి గాలి తిరిగిందా, ఆలస్యమైందా అన్నది తెలుస్తుంది. కానీ వరంగల్ పొలంలో ఎంత పడ్డదన్నది ఆ గాలి ఒక్కటే తేల్చదు. ఉత్తర తెలంగాణకు గట్టి వానలు తెచ్చేది ఎక్కువగా బంగాళాఖాతంలో పుట్టి పడమరకు నడిచే అల్పపీడనాలు. 2023 జులై వాన వెనక ఉన్నదీ అల్పపీడనమే. గాలి బాగుండి వాన తప్పిన ఏడు ఉండొచ్చు. గాలి సన్నగిల్లినా రెండు అల్పపీడనాలు వచ్చి చెరువులు అలుగు పోసిన ఏడూ ఉండొచ్చు.

దక్కనులో 1791-92 నాటి పుర్రెల కరువు లాంటి ఏళ్లను తీసుకుంటే, ఆ ఏళ్ల ఓడల పుటలు ఉన్నాయి. సముద్రం మీద గాలి ఎట్లా ఉందో అడగొచ్చు. కానీ పాకాల చెరువులో ఆ ఏడు నీళ్లెన్ని ఉన్నాయన్నది ఓడకు తెలియదు. దానికి నేల మీది రాతలే కావాలి: శిస్తు మాఫీల దస్తావేజులు, చెరువు మరమ్మతుల లెక్కలు, దుకాణాల చిట్టాలు.

ఆ లెక్కన నేను పెద్దబాపు పుస్తకాన్ని మళ్లీ తీసి చూశాను. "వాన. కాంటా కాలేదు" అని ఉన్న రోజు వాన పడింది, నిజం. కానీ పగటి పూట పడ్డదే ఆయన రాశారు, ఎందుకంటే రాత్రి పడి తెల్లారే సరికి వెలిసిన వాన కాంటాను ఆపదు. ఎంత పడ్డదో లేదు. సీజన్ లేని నెలల్లో ఎంత వాన పడ్డా పుస్తకంలో ఉండదు, తూచే సరుకే లేదు కాబట్టి. ఒక చోట వరుసగా పదకొండు రోజులు ఏమీ రాయలేదు. ముసురు పట్టిందేమో అనుకున్నాను. మా పెద్దమ్మను అడిగితే, "అప్పుడు మీ పెద్దబాపుకు టైఫాయిడ్ బిడ్డా" అన్నది.